బడిలో ప్రదర్శనకు పెంపుడు తాబేలును, పామును తేవచ్చా?

టీచర్ గారికి నమస్కారం. ఫిబ్రవరి 28న జాతీయ విజ్ఞాన దినోత్సవానికి హనుమకొండలోని మీ బడిలో పిల్లలు తమ పెంపుడు జంతువులను తెచ్చి వాటి గురించి మాట్లాడే కార్యక్రమం పెట్టారని, ఐదో తరగతి బాబు ఇంట్లో పెంచుతున్న తాబేలును, ఎనిమిదో తరగతి అమ్మాయి హైదరాబాదులోని మేనమామ పెంచుతున్న బాల్ పైథాన్‌ను తెస్తామంటున్నారని, అనుమతించాలో వద్దో మీరే తేల్చమని ప్రధానోపాధ్యాయులు అన్నారని రాశారు. ఇరవై ఏళ్ళకు పైగా జంతుశాస్త్రం బోధించి, సరీసృపాల గురించి చెప్పడానికి వరంగల్, ములుగు, భూపాలపల్లి ప్రాంతాల బడులకు తిరిగినవాడిగా నాకు తెలిసినంతవరకు వివరంగా చెబుతాను. తాబేలు సంగతి తేలేవరకు అది బడి గడప తొక్కకూడదు. పాము కాగితాలు సరిగా ఉంటే, కొన్ని కట్టుబాట్ల మధ్య, అద్దాల పెట్టెలోనే ఉంచి చూపవచ్చు.

ముందు తాబేలు సంగతి. మీ ప్రశ్నలో అది ఏ జాతి తాబేలో లేదు, కానీ అసలు చిక్కంతా అక్కడే ఉంది. మన ఊళ్ళలో ఇళ్ళలో కనిపించే తాబేళ్ళు ముఖ్యంగా మూడు రకాలు. మొదటిది నక్షత్ర తాబేలు. ఎత్తైన గుండ్రని డిప్ప మీద నలుపు, పసుపు రంగుల్లో చుక్క నుంచి కిరణాలు చిమ్మినట్టు గీతలు ఉంటాయి కనుక దీన్ని గుర్తుపట్టడం తేలిక. ఇంట్లో ఉంటే కలిసొస్తుందన్న నమ్మకంతో చాలామంది గుట్టుగా కొని పెంచుతుంటారు. రెండోది మన చెరువుల్లో, పొలాల్లో, బావుల్లో దొరికే మెత్తని డిప్ప తాబేలు. చేదబావిలో వేస్తే నీళ్ళు శుభ్రంగా ఉంటాయని మన పెద్దలు వేసేది దీన్నే. దాన్ని తిరగేసి చూస్తే వెనుక కాళ్ళ దగ్గర, కాళ్ళు లోపలికి లాక్కున్నప్పుడు తలుపుల్లా మూసుకునే తోలు రేకులు కనిపిస్తాయి. మూడోది అక్వేరియం దుకాణాల్లో అమ్మే చిన్న ఆకుపచ్చ తాబేలు. కంటి వెనుక ఎర్రని చార ఉంటుంది కాబట్టి ఎర్రచెవి తాబేలు అంటారు. ఇది అమెరికాలోని మిసిసిపీ నదీ ప్రాంతానికి చెందినది.

మొదటి రెండింటిలో ఏదైనా సరే, దాన్ని ఇంట్లో ఉంచుకోవడమే నేరం. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మెత్తని డిప్ప తాబేలు ఎప్పటినుంచో మొదటి షెడ్యూలులోనే, అంటే అత్యంత కఠినమైన రక్షణ ఉన్న జాబితాలోనే ఉంది. నక్షత్ర తాబేలు ఒకప్పుడు నాలుగో షెడ్యూలులో ఉండేది. 2022లో చట్టాన్ని సవరించి, 2023 ఏప్రిల్ 1 నుంచి అమలు చేసినప్పుడు దాన్ని కూడా మొదటి షెడ్యూలులోకి, అంటే పులి ఉన్న షెడ్యూలులోకి తెచ్చారు. మొదటి షెడ్యూలు జంతువుల విషయంలో నేరానికి మూడేళ్ళకు తక్కువ కాకుండా ఏడేళ్ళ వరకు జైలు, ఇరవై ఐదు వేల రూపాయలకు తగ్గని జరిమానా ఉన్నాయి. ‘మా తాతల కాలం నుంచి ఉంది’, ‘అది మాకు దొరికింది, కొనలేదు’ అనే మాటలు చట్టం ముందు నిలవవు. మరో విషయం కూడా గమనించండి. అలాంటి తాబేలును పట్టుకున్న బాబు ఫొటో బడి వాట్సాప్ గ్రూపులోకి వెళ్ళిందంటే, ఆ కుటుంబానికి వ్యతిరేకంగా సాక్ష్యాన్ని మన చేతులతో మనమే తయారు చేసి పంచినట్టు అవుతుంది. ఇదే కార్యక్రమానికి ఇంకెవరైనా పంజరంలో రామచిలుకను తెస్తామంటే అది కూడా రక్షిత పక్షేనని గుర్తుంచుకోండి.

ఎర్రచెవి తాబేలైతే ఇంట్లో ఉండటం నేరం కాదు, కానీ దానితో వేరే చిక్కులున్నాయి. కొన్నప్పుడు రూపాయి బిళ్ళ కంటే కాస్త పెద్దదిగా ఉన్నది కొన్నేళ్ళలో అన్నం పళ్ళెమంత అవుతుంది, ఇరవై ముప్పై ఏళ్ళు బతుకుతుంది. తొట్టి చాలక, వాసన భరించలేక, ఏ భద్రకాళి చెరువులోనో వడ్డేపల్లి చెరువులోనో వదిలేస్తే పుణ్యమని అనుకునేవారు ఉన్నారు. ప్రపంచంలో అత్యంత హానికరమైన 100 చొరబాటు జాతుల జాబితాలో దీని పేరు ఉంది. మన చెరువులోని మెత్తని డిప్ప తాబేలు తిండినీ చోటునూ ఇది లాక్కుంటుంది. ఆ బాబు దగ్గర ఉన్నది ఇదే అయితే, దాన్ని చెరువులో ఎందుకు వదలకూడదో వాడే తరగతికి చెప్పేలా సిద్ధం చేయండి. ఆ పాఠం చెప్పడానికి తాబేలు రానవసరం లేదు, తొట్టి ఫొటో, కొన్నప్పటి నుంచి వాడు రాసుకున్న కొలతలు చాలు.

ఇక మేనమామ గారి బాల్ పైథాన్. ఇది పశ్చిమ, మధ్య ఆఫ్రికాకు చెందిన కొండచిలువ జాతి. విషం లేదు, సాధారణంగా నెమ్మదైనది, భయపడితే తలను మధ్యలో దాచుకుని బంతిలా చుట్టుకుంటుంది, దాని పేరు కూడా అందువల్లే వచ్చింది. ఇది విదేశీ పాము కదా, మన చట్టానికి సంబంధం లేదని చాలామంది అనుకుంటారు. 2022 సవరణతో ఆ ధీమాకు చోటు పోయింది. అంతర్జాతీయ వన్యప్రాణి వాణిజ్య ఒప్పందమైన సైటీస్ జాబితాలోని జాతులను చట్టంలో కొత్త నాలుగో షెడ్యూలుగా చేర్చారు. బాల్ పైథాన్, ఆకుపచ్చ ఇగ్వానా రెండూ అందులోకి వస్తాయి. 2024 ఫిబ్రవరి 28న వచ్చిన నియమాల ప్రకారం అలాంటి జంతువులున్నవారు కేంద్ర పర్యావరణ శాఖ నడిపే పరివేష్ పోర్టల్‌లో వివరాలు నమోదు చేయాలి. అప్పటికే ఉన్నవారికి ఆరు నెలల గడువు ఇచ్చారు, ఆ తర్వాత చేతికి వచ్చిన జంతువును ముప్పై రోజుల్లోగా నమోదు చేయాలి. కాబట్టి మేనమామ గారిని మొహమాటపడకుండా ఒక్క మాట అడగండి: నమోదు పత్రం ప్రతి ఇవ్వగలరా? ఇస్తే బడి దస్త్రంలో పెట్టుకోండి. ‘అదేం అక్కర్లేదు, అందరి దగ్గరా ఉన్నాయి’ అంటే మర్యాదగా వద్దని చెప్పండి. మొక్కజొన్న పాము వంటి ఆ జాబితాలో లేని విదేశీ పాములకు ఈ నమోదు వర్తించదు గానీ, కింద చెప్పబోయే ఆరోగ్య జాగ్రత్తలన్నీ వాటికీ వర్తిస్తాయి.

చట్టం గురించి మరొక్క మాట చెప్పాలి, ఎందుకంటే ఈ పొరపాటు చాలా బడుల్లో జరుగుతోంది. పాములు పట్టే వ్యక్తిని పిలిపించి, పొద్దున ఎవరి పెరట్లోనో పట్టిన నాగుపామునో జెర్రిపోతునో మైదానంలో ఆడించి ‘అవగాహన సదస్సు’ పెడుతున్నారు. నాగుపాము, జెర్రిపోతు, కొండచిలువ, ఉడుము ఇవన్నీ రక్షిత ప్రాణులే. విద్యా అవసరానికైనా సరే, వాటిని పట్టడానికి, ఉంచడానికి రాష్ట్ర ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారి అనుమతి ఉండాలి. నాగుల పంచమికి వీధిలోకి వచ్చే పాముల బుట్ట సంగతి ఇంకా దారుణం. ఆ పాముల కోరలు పీకి ఉంటాయి, ఒక్కోసారి నోరు కుట్టేసి ఉంటుంది, దాహానికి తాళలేక పాలో నీళ్ళో ఏది పెడితే అది మింగుతాయి. పాము పాలు తాగుతుందన్న మాట నమ్మకంగా పాతుకుపోవడానికి ఆ దాహం ఒక ముఖ్య కారణం. అలాంటి పామును బడిలోకి రానిస్తే ఆ హింసను మనం పిల్లల ముందు పాఠంగా నిలబెట్టినట్టే అవుతుంది.

ఆరోగ్యం విషయం దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే తల్లిదండ్రులు కాటు గురించి అడుగుతారు గానీ అసలు ప్రమాదం వేరే చోట ఉంటుంది. తాబేళ్ళు, పాములు, బల్లులు వంటి సరీసృపాలు చాలావరకు సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియాను పేగుల్లో మోస్తూ ఉంటాయి. దానివల్ల వాటికి సాధారణంగా ఏ జబ్బూ రాదు, చూడటానికి నవనవలాడుతూ ఉంటాయి, కానీ ఆ సూక్ష్మజీవి వాటి మలంలో, చర్మం మీద, డిప్ప మీద, ముఖ్యంగా తాబేలు తొట్టి నీళ్ళలో ఉంటుంది. ఆ చేతులు నోటికి వెళితే పిల్లలకు జ్వరం, కడుపునొప్పి, విరేచనాలు పట్టుకుంటాయి. అన్నంలో బల్లి పడి హాస్టల్ పిల్లలు అస్వస్థులయ్యారని వార్త వచ్చినప్పుడల్లా మనం ‘బల్లి విషం’ అంటాం. మన ఇంటి బల్లికి విషం లేదు, జబ్బు వచ్చిందంటే దానికి ఇలాంటి సూక్ష్మజీవులే కారణం కావచ్చు. అమెరికాలో చిన్నారులు బొమ్మలనుకుని చిన్న తాబేళ్ళను నోట్లో పెట్టుకుని జబ్బు పడుతుండటంతో, 4 అంగుళాల కంటే చిన్న డిప్ప ఉన్న తాబేళ్ళను పెంపకానికి అమ్మడాన్ని 1975లో నిషేధించారు. ఐదేళ్ళలోపు పిల్లలున్న చోట సరీసృపాలు ఉండకూడదని అక్కడి వ్యాధి నియంత్రణ కేంద్రం నేటికీ చెబుతోంది. అందువల్ల మీ ఎల్‌కేజీ, యూకేజీ పిల్లలను ఈ ప్రదర్శనకు దూరంగా ఉంచడం విషయంలో ఎవరు అడిగినా రాజీ పడకండి.

ఉత్తర తెలంగాణలో దీనికి తోడు ఇంకో జాగ్రత్త ఉంది, దీన్ని ఎవరూ పట్టించుకోకపోవడం నాకు బాధ కలిగిస్తుంది. గోండు, కోయ వంటి ఆదివాసీ కుటుంబాల్లో సికిల్ సెల్ వ్యాధి, అంటే ఎర్ర రక్తకణాలు కొడవలి ఆకారంలోకి మారే వంశపారంపర్య జబ్బు, ఉన్న పిల్లలు ఉన్నారు. ఏజెన్సీ నుంచి వచ్చి వరంగల్, హనుమకొండ బడుల్లో చదువుకునేవారిలోనూ ఉంటారు. సికిల్ సెల్ ఉన్న బిడ్డకు సాల్మొనెల్లా సోకితే అది రక్తంలోకి చేరి ఎముకలకు పట్టే ప్రమాదం మిగతా పిల్లల కంటే చాలా ఎక్కువ. తలసీమియా ఉన్నవారు, కేన్సర్ చికిత్సలో ఉన్నవారు, రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడుతున్నవారు కూడా ఇలాగే జాగ్రత్తగా ఉండాలి. కార్యక్రమానికి ముందు తల్లిదండ్రులకు పంపే చీటీలో ఈ సంగతి స్పష్టంగా రాయండి. ఆ బిడ్డ పేరు నలుగురిలో బయటపెట్టకుండా, ఇంకొక మంచి పని అప్పగించి వేరే గదిలో ఉంచండి. కుటుంబంలో గర్భిణి గానీ పసిపాప గానీ ఉన్న పిల్లలకు కూడా చేతులు కడగకుండా ఇంటికి వెళ్ళొద్దని చెప్పాలి.

చేతులు కడగడమంటే సబ్బు, పారే నీళ్ళు, కనీసం ఇరవై సెకన్లు. శానిటైజర్ రాసుకుంటే సరిపోదు. కుళాయిలు ఎన్ని ఉన్నాయో, అరవై మంది పిల్లలు కడుక్కోవడానికి ఎంతసేపు పడుతుందో ముందే లెక్క వేసుకోండి. ప్రదర్శనను మధ్యాహ్న భోజనానికి ముందు ఎట్టి పరిస్థితుల్లోనూ పెట్టకండి, భోజనం చేసే గదిలోనూ వద్దు. పెట్టె ఉంచిన బల్లను తర్వాత బ్లీచింగ్ నీళ్ళతో తుడిపించండి. పాము నీళ్ళ గిన్నెను వంటగది సింకులో గానీ పిల్లలు నీళ్ళు తాగే కుళాయి దగ్గర గానీ కడగనివ్వొద్దు.

పిల్లలు తాకవచ్చా అని మీరు ప్రత్యేకంగా అడిగారు. చాలా ఏళ్ళు నేను తాకనిచ్చాను. ఒక బడిలో నా పర్యవేక్షణలోనే ఒక బాబు చేతిలోంచి తాబేలు జారి సిమెంటు నేల మీద పడింది. డిప్ప పగిలి రక్తం వచ్చింది. తాబేలు డిప్ప గవ్వలాంటి పైతొడుగని పిల్లలు అనుకుంటారు. నిజానికి అది పక్కటెముకలు, వెన్నెముక కలిసిపోయిన ఎముక, అందులో రక్తమూ నరాలూ ఉంటాయి, దెబ్బ తగిలితే దానికి నొప్పి తెలుస్తుంది. ఆ రోజు అరచేతిలో అది వణుకుతుంటే నాకు కలిగిన సిగ్గు ఇప్పటికీ పోలేదు. తప్పు పూర్తిగా నాది, పదేళ్ళ పిల్లవాడిది కాదు. అప్పటినుంచి నేను ఏ జీవినీ పిల్లల చేతికి ఇవ్వలేదు. దానికి బదులు పాము విడిచిన కుబుసం తెప్పించండి. మేనమామ గారి పాముదే అడగండి, పుట్టల దగ్గర ఏరుకురావద్దు. దాన్ని వెలుతురుకు పెట్టి చూస్తే కంటి మీది పొర కూడా గాజు బిళ్ళలా ఊడి వచ్చి ఉంటుంది. పాముకు కనురెప్పలు లేవని, కన్ను మూయదని ఒక్క క్షణంలో అర్థమవుతుంది. పొట్టవైపు వెడల్పు పొలుసులు, వీపువైపు చిన్న పొలుసులు చేత్తో తడిమితే నడక ఎలా సాధ్యమో తెలుస్తుంది. తర్వాత చేతులు ఎలాగూ కడుక్కుంటారు.

పాము పట్ల కూడా దయ చూపాలి. అది తన శరీర ఉష్ణోగ్రతను తానే కాపాడుకోలేదు, బయటి వేడి మీద ఆధారపడుతుంది. బాల్ పైథాన్‌కు 26 నుంచి 32 డిగ్రీల మధ్య హాయిగా ఉంటుంది. ఫిబ్రవరిలో మన దగ్గర పొద్దున చలిగా, మధ్యాహ్నం ఎండగా ఉంటుంది కాబట్టి గాలి ఆడే గట్టి పెట్టెలో, నూలు సంచిలో ముడివేసి, కారు లోపలే తేవాలి. డిక్కీలో వద్దు, ఆపిన కారులో పది నిమిషాలు కూడా వదలకూడదు. తిన్న తర్వాత రెండు రోజుల లోపల, కుబుసం విడిచే ముందు కళ్ళు నీలంగా మసకబారిన రోజుల్లో తీసుకురావద్దని చెప్పండి. ఒక తరగతికి ఇరవై నిమిషాలు చాలు, రోజంతా పది తరగతులకు తిప్పకూడదు. పెట్టె మూతకు తాళం ఉండాలి, తాళం చెవి మేనమామ గారి దగ్గరే ఉండాలి, ఆయన లేకుండా ఆ అమ్మాయి ఒక్కతే పామును తేవడానికి ఒప్పుకోకండి. మైకు, చప్పట్లు వద్దు. పాముకు బయటికి చెవులు లేకపోయినా దవడ ఎముక ద్వారా నేల అదురును గ్రహిస్తుంది. భయపడే పిల్లలను వెనుక తలుపు దగ్గర కూర్చోనివ్వండి, ముందుకు లాగి ధైర్యం నేర్పే ప్రయత్నం చేయకండి.

ఇదంతా సరిగా జరిగినా ఒక చిక్కు మిగులుతుంది, నన్ను ఎక్కువగా కలవరపెట్టేది అదే. నెమ్మదైన బాల్ పైథాన్‌ను చూసిన పిల్లవాడు ‘పాములు ఏమీ చేయవు’ అనుకుని ఇంటికి వెళితే, జూన్‌లో వానలు పడ్డాక మన పొలం గట్టు మీద ఎదురయ్యేది ఆఫ్రికా పాము కాదు. 2000 నుంచి 2019 వరకు దేశంలో ఏటా సగటున 58,000 మంది పాము కాటుతో మరణించారని ఒక పెద్ద అధ్యయనం అంచనా వేసింది. ఎక్కువ మరణాలున్న రాష్ట్రాల్లో తెలంగాణతో కలిసి ఉన్న ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది, ఆ మరణాల్లో సుమారు సగం వానాకాలంలోనే జరిగాయి. అందుకే ఆ ఇరవై నిమిషాల తర్వాత మరో అరగంట మన పాముల బొమ్మలతో తప్పకుండా పాఠం చెప్పండి. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, ఇసుక పింజర అనే నాలుగింటిని గుర్తుపట్టడం, వాటిని పోలిన విషం లేని జెర్రిపోతు, నీరుకట్టు వంటివాటి తేడా చూడటం నేర్పండి, కానీ ఆ తేడా తెలిసినంత మాత్రాన ఏ పామునూ పట్టుకోకూడదని గట్టిగా చెప్పండి.

వీటిలో కట్లపాము గురించి వేరుగా చెప్పాలి. అది రాత్రిపూట ఇళ్ళలోకి వస్తుంది, నేల మీద పడుకున్నవారిని కరుస్తుంది. కాటు దాదాపు నొప్పి ఉండదు, గాటు కనిపించకపోవచ్చు. తెల్లవారుజామున కడుపునొప్పి, వాంతి, రెప్పలు వాలిపోవడం, మాట ముద్దగా రావడం కనిపిస్తే ఇంట్లోవాళ్ళు అజీర్తి అనుకుని సమయం పోగొట్టుకుంటారు. మంచం మీద, దోమతెర అంచులు పరుపు కిందికి దోపి పడుకోవడం, రాత్రి బయటికి వెళితే టార్చి పట్టుకోవడం, కట్టెల కుప్పలో చేయి పెట్టకపోవడం మన పిల్లలకు ఎక్కాలంత బాగా రావాలి. కరిచినప్పుడు బ్లేడుతో కోయకూడదు, నోటితో పీల్చకూడదు, తాడుతో బిగించి కట్టకూడదు, మంత్రం వేయించుకోవడానికి వెళ్ళకూడదు. కాటు పడిన కాలును గానీ చేతిని గానీ కదలకుండా ఉంచి, 108కి ఫోన్ చేసి, విషానికి విరుగుడు మందు ఉన్న ఆసుపత్రికి, మన వైపైతే వరంగల్ ఎంజీఎంకు, తక్షణం చేర్చాలి. మన దగ్గర వాడే విరుగుడు ఆ నాలుగు పాముల విషానికీ కలిపి తయారైనదే, అందువల్ల పామును చంపి వెంట తేవాల్సిన పని లేదు.

పిల్లలు పగ గురించి, నాగమణి గురించి, జెర్రిపోతు నాగుపాముతో జత కడుతుందా అన్న దాని గురించి తప్పక అడుగుతారు. కసురుకోకుండా జవాబు చెప్పండి. రెండు పాములు నిలువుగా పెనవేసుకుని ఊగుతూ కనిపించేది చాలాసార్లు రెండు మగ జెర్రిపోతుల బలపరీక్ష. నాగుపాము బొమ్మకు చేతులు జోడించే పిల్లవాడిని ఆపకండి, ఆ భక్తితోనే పాముకు రాయి విసరని పిల్లవాడు కూడా తయారవుతాడు. ఇంకా సమయం ఉంటే బడి గోడ మీది తొండను చూపించండి. మగ తొండకు జత కట్టే కాలంలో గొంతు, భుజాలు ఎర్రబడతాయి. దాన్ని దూరం నుంచి వారం రోజులు గమనించి నోటు పుస్తకంలో రాసుకోవడానికి ఎవరి అనుమతీ, ఏ పెట్టే అక్కర్లేదు. హంటర్ రోడ్డులోని కాకతీయ జంతు ప్రదర్శనశాలకు, పెద్దవాళ్ళు ఇప్పటికీ వన విజ్ఞాన కేంద్రం అని పిలిచే చోటుకు, ఒక పూట తీసుకెళ్ళడం కూడా మీకు దగ్గరే.

చివరగా ఆ ఐదో తరగతి బాబు. అది నక్షత్ర తాబేలో, చెరువు తాబేలో అని తేలితే తల్లిదండ్రులను విడిగా పిలిచి మాట్లాడండి, పిల్లల ముందు వద్దు. భయంతో రాత్రికి రాత్రి ఏ గుట్ట దగ్గరో వదిలేయవద్దని ముందే చెప్పండి. ఇంట్లో ఏళ్ళ తరబడి పెరిగిన తాబేలు అక్కడ బతకలేకపోవచ్చు, దానికి ఉన్న జబ్బు అడవిలోని వాటికి సోకవచ్చు. జిల్లా అటవీ అధికారి కార్యాలయానికి వారే స్వయంగా ఫోన్ చేసి, తెలియక పెంచామని చెప్పి అప్పగించడం, ఎవరో ఫిర్యాదు చేశాక పట్టుబడటం కంటే ఎన్నో రెట్లు మేలు. వీలైతే అప్పగించడానికి వెళ్ళేటప్పుడు ఆ బాబును కూడా వెంట తీసుకెళ్ళమనండి. ఇన్నాళ్ళు దానికి రోజూ ఆకుకూర వేసింది వాడే కదా, అది ఏం తినేదో, ఏ మూలన పడుకునేదో ఆ అధికారులకు వాడి నోటితోనే చెప్పనివ్వండి.